రవ్వ ఎక్కడ దూకుతోందో చూడు

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి అమ్మడికి,



నిన్న రాత్రి ఫోనులో నువ్వు, "మూడో పొయ్యి టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది బాబాయ్, వెలగదు. విసిగిపోయి లైటరు పెడితే భగ్గున అంటుకుంటుంది" అన్నావు. ఆ మాట నువ్వు తేలిగ్గా అనేశావు గానీ, నాకు ఆ "భగ్గున" దగ్గరే మనసు ఆగిపోయింది. రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే సగం వింటావు, సగం పొయ్యి మీద పాలు చూసుకుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా ఒకసారి, పొయ్యి దగ్గర నిలబడి ఇంకోసారి చదువు.

ముందు ఆ భగ్గుమనడం సంగతి. నువ్వు నాబు తిప్పి టిక్కు టిక్కుమనిపిస్తున్నంతసేపూ గ్యాసు ఊరుకోదు, బయటికి వస్తూనే ఉంటుంది. మన వంట గ్యాసు గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. పైకి లేచి కిటికీలోంచి పోదు. గిన్నె కింద, గట్టు మీద, గట్టు దిగి నేల మీద పరుచుకుంటుంది. గాలిలో అది సుమారు 2 శాతం చేరితే చాలు, నిప్పు తగలగానే అంటుకుంటుంది. లైటరు పెట్టినప్పుడు అంటుకున్నది బర్నరు ఒక్కటే కాదు తల్లీ, అప్పటిదాకా దాని చుట్టూ చేరిన గ్యాసంతా. ఇప్పటిదాకా చేతి మీద వెంట్రుకలైనా కమలకపోవడం నీ అదృష్టం. ఇక నుంచి ఒక లెక్క పెట్టుకో. నాబు తిప్పాక నాలుగైదు సెకన్లలో వెలగకపోతే కట్టెయ్. కిటికీ తెరిచి రెండు నిమిషాలు ఆగు. వాసన పూర్తిగా పోయాకే మళ్లీ ప్రయత్నించు. గ్యాసుకు సొంత వాసన లేదు. మనకు తెలియాలనే మెర్కాప్టాన్ అనే ఘాటు పదార్థం కలుపుతారు. ఆ వాసన వస్తోందంటే గ్యాసు మనతో మాట్లాడుతున్నట్టే.

నేను స్టవ్వులు బాగుచేసే కొట్టు పెట్టిన తొలి రోజుల్లో పంపు స్టవ్వులే ఎక్కువ వచ్చేవి. మీ నాయనమ్మ స్టవ్వు పిన్ను ఎప్పుడూ మంగళసూత్రానికి తగిలించుకునేది, గుర్తుందా? 1999లో పేద ఆడవాళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చే దీపం పథకం వచ్చాక పల్లెల నుంచి ఆడవాళ్లు కొత్త గ్యాసు స్టవ్వులు పట్టుకుని వచ్చేవారు. చాలామందికి అదే మొదటి గ్యాసు పొయ్యి. భయంతో మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి బారుగా చాచి, ముందు నాబు తిప్పేసి అప్పుడు అగ్గిపెట్టె వెతుక్కునేవారు. కొట్టు ముందు బల్ల మీద స్టవ్వు పెట్టి ఒక్కొక్కరి చేతా పదిసార్లు వెలిగింపజేసేవాణ్ని. "ముందు పుల్ల, తరవాత నాబు." అంతే చెప్పేవాణ్ని. నీ పొయ్యికి ఆటోమేటిక్ ఉన్నా సరే, అది చెడిన రోజున ఇదే వరస. వెలుగుతున్న పుల్ల బర్నరు అంచున పెట్టి, అప్పుడు నాబు తిప్పాలి. లైటరైనా అంతే. లైటరును బర్నరు దగ్గర సిద్ధంగా పట్టుకుని, నాబు తిప్పడం, నొక్కడం ఒకే ఊపులో జరగాలి.

ఇక రవ్వ సంగతి. అది ఎలా పుడుతుందో తెలిస్తే ఎక్కడ తప్పిపోతోందో నువ్వే పట్టుకోగలవు.

నీ చేతి లైటరులో బొత్తాం నొక్కితే లోపల చిన్న సుత్తి లాంటిది ఒక స్ఫటికాన్ని కొడుతుంది. దెబ్బ తగిలిన స్ఫటికంలో కరెంటు పుడుతుంది. 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు, జాక్, పియేర్, కనిపెట్టిన గుణం అది. నాబు తిప్పితే ఒక్కసారి "టక్" మని ఊరుకునే పాత స్టవ్వుల్లోనూ అదే పద్ధతి. నీది అది కాదు. టిక్కు టిక్కుమంటూనే ఉందన్నావు కాబట్టి గాజు పలక కింద ఒక చిన్న పెట్టె ఉంటుంది. దానికి ఒక సెల్లు గానీ, గోడకు ప్లగ్గు గానీ ఉంటుంది. సెల్లులో ఉండేది ఒకటిన్నర వోల్టులు. ఆ పెట్టె దాన్ని వేల వోల్టులకు పెంచి, ఒక్కో బర్నరుకు ఒక్కో వైరు ద్వారా పంపుతుంది. వైరు చివర తెల్లటి పింగాణీ కడ్డీ, దాని నెత్తిన సన్నటి ఉక్కు ముల్లు. బర్నరు పక్కన బియ్యపు గింజంత తెల్లగా కనిపించేది అదే. ముల్లు కొస నుంచి రవ్వ ఎదురుగా ఉన్న బర్నరు లోహం మీదికి దూకుతుంది. దూకిన కరెంటు స్టవ్వు ఒంటి మీదుగా పెట్టెకు తిరిగి చేరుతుంది.

ఇందులో గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే. రవ్వ ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది. ముల్లు కొస నుంచి బర్నరుకు దూకడం కంటే సులువైన దారి మధ్యలో ఎక్కడ దొరికినా అటే పోతుంది. తడి, మాడిన గంజి, పింగాణీలో పగులు, ఎలుక కొరికిన వైరు, ఇవన్నీ దానికి అడ్డదారులే. శబ్దం వస్తోందంటే రవ్వ పుడుతోందన్నమాట. అయితే అది గ్యాసు ఉన్న చోట కాక ఇంకెక్కడో దూకుతుండవచ్చు. కాబట్టి చెవితో కాదు, కంటితో చూడాలి.

చూడడానికి రాత్రి పూట మంచిది. గ్యాసు వాసన వస్తుంటే మాత్రం ఈ పని అసలు పెట్టుకోకు. ముందు బాగా వెలిగే బర్నరు ఒకటి వెలిగించి, రెగ్యులేటరు కట్టెయ్. పైపులో మిగిలిన గ్యాసు కాలిపోయి మంట దానంతటదే ఆరిపోతుంది. ఆ నాబు కట్టెయ్. గిన్నెలూ, వాటి కింది స్టాండ్లూ తీసెయ్. వంటింట్లో దీపం ఆర్పి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగు. ఇప్పుడు మూడో నాబు తిప్పి చూడు. చాలా స్టవ్వుల్లో ఒక నాబు తిప్పితే అన్ని బర్నర్ల దగ్గరా రవ్వలు పడతాయి, కంగారు పడకు. మంచి రవ్వ నీలంగా, సన్నగా, ముల్లు కొస నుంచే దూకుతుంది. పసుపు రంగులో బలహీనంగా ఉందా? అసలు కనపడడం లేదా? కొస నుంచి కాక పింగాణీ మొదట్లో, పలక అంచు దగ్గర మెరుస్తోందా? చూసినది కాగితం మీద రాసుకో. అయిపోయాక నాలుగు నాబులూ కట్టి ఉన్నాయని చేత్తో తడిమి చూసుకున్నాకే రెగ్యులేటరు మళ్లీ తెరవాలి. ఇది మరిచిపోతే ఇప్పటిదాకా పడిన జాగ్రత్త అంతా వృథా.

ఏ బర్నరు దగ్గరా రవ్వ లేకపోతే సెల్లు అయిపోయి ఉంటుంది. మొదట్లో టిక్కుకూ టిక్కుకూ మధ్య వ్యవధి పెరుగుతుంది, తరవాత అదీ ఆగిపోతుంది. గట్టు కింద అర తలుపు తీసి చూస్తే సెల్లు గూడు కనిపిస్తుంది. సెల్లు తీసినప్పుడు రేకుల మీద తెల్లటి పొడి గానీ, పచ్చటి చిలుము గానీ ఉంటే గరుకు కాగితంతో మెల్లగా గీకి, పొడి గుడ్డతో తుడిచి, కొత్త సెల్లు గుర్తు చూసి వెయ్యి. నీ విషయంలో మిగిలిన మూడూ బాగానే వెలుగుతున్నాయి గనక సెల్లు, పెట్టె బతికే ఉన్నాయి. జబ్బు ఆ మూడో బర్నరు దారిలోనే ఉంది.

నువ్వు ఇంకో మాట కూడా అన్నావు. పోయిన వారం అన్నం పొంగి గంజి పారిందని. నా అనుమానం అంతా ఆ గంజి మీదే. గంజి పొంగి పింగాణీ మీద పడితే ముందు తడికి రవ్వ పక్కకు పోతుంది. ఆ తరవాత వేడికి అది గోధుమ రంగు పొరలా అతుక్కుని, పై పొర మాడి నల్లబడుతుంది. మాడిన గంజి బొగ్గు లాంటిదే, కరెంటును మోసుకుపోతుంది. పైనుంచి చూస్తే ఏదో మరకలా ఉంటుంది తప్ప అదే దోషమని తట్టదు. పొయ్యి పూర్తిగా చల్లారాక సెల్లు తీసెయ్, ప్లగ్గు ఉంటే ఊడదీసెయ్. బర్నరు మూత తీసి పక్కన పెట్టు. ఒక మెత్తటి పాత బ్రష్షును గోరువెచ్చటి సబ్బు నీళ్లలో ముంచి, బాగా విదిలించి, ముల్లునూ పింగాణీనీ చుట్టూ రుద్దు. బ్రష్షు తడిగా ఉంటే చాలు, నీళ్లు కారకూడదు. స్టీలు పీచు ముట్టుకోవద్దు, పింగాణీ మీద గీతలు పడితే మురికి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. తరవాత పొడి గుడ్డతో తుడిచి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు ఉంటే నాలుగు నిమిషాలు గాలి కొట్టు, లేదా ఒక పూట వాడకుండా వదిలెయ్. ముల్లును మాత్రం వంచకు, లాగకు.

శుభ్రం చేసినా కాకపోతే పగులు కోసం చూడాలి. దీని గురించి నీకో సంగతి చెప్పాలి, నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఒకావిడ ఒకే స్టవ్వుతో నా కొట్టుకు మూడుసార్లు వచ్చింది. మొదటిసారి సెల్లు మార్చాను. రెండోసారి పెట్టె మొత్తం మార్చి ఆవిడ చేత డబ్బు ఖర్చు పెట్టించాను. మూడోసారి వచ్చేటప్పటికి చీకటి పడింది, ఆ వేళకు కరెంటు పోయింది. ఆ చీకట్లో నాబు తిప్పితే, పింగాణీ కడ్డీ నడుము దగ్గర వెంట్రుకంత గీత మీద నీలంగా ఒక చుక్క మెరిసింది. పగటి వెలుతుర్లో అద్దం పెట్టి చూసినా కనపడని పగులు అది. వేడి కడ్డీ మీద చల్లటి నీళ్లు పడి పగిలి ఉంటుంది. పెట్టె డబ్బు ఆవిడకు తిరిగి ఇచ్చేసి, కడ్డీ ఒక్కటే మార్చాను. ఆ రోజు నుంచి ఏ స్టవ్వు వచ్చినా చీకట్లో చూడకుండా చెయ్యి వెయ్యలేదు. పగిలిన కడ్డీకి టేపు చుట్టడం, జిగురు పెట్టడం పనికిరావు, ఆ వేడికి నిలవవు. మార్చడమే మందు.

కొసకూ బర్నరుకూ మధ్య ఎడం కూడా చూడు. మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి, రెండు రూపాయి నాణేలు పేర్చితే ఎంతో సుమారుగా అంత. ఎడం పెరిగితే రవ్వ దూకలేదు. చాలాసార్లు ముల్లు వంగదు, మూతే సరిగ్గా కూర్చోదు. ఇత్తడి మూతకు అడుగున చిన్న గాడి గానీ, బొడిపె గానీ ఉంటుంది, అది దాని చోట పడాలి. తోమాక పక్క బర్నరు మూత దీని మీద పెట్టడం కూడా జరుగుతుంది. చేత్తో కొంచెం తిప్పి చూస్తే కదలకుండా కూర్చుందో లేదో తెలుస్తుంది.

రవ్వ నీలంగా బాగా పడుతున్నా వెలగకపోతే దోషం రవ్వది కాదు, బర్నరు కన్నాలది. లైటరుతో వెలిగించినప్పుడు మంట చుట్టూ తిరిగి, ముల్లు ఉన్న వైపు మాత్రం ఖాళీగా ఉందేమో చూడు. ముల్లు ఎదుట ఉన్న రెండు మూడు కన్నాలు పూడిపోతే రవ్వ దగ్గరికి గ్యాసు రాదు. రవ్వ ఒక చోట, గ్యాసు ఇంకో చోట. అందుకే అంతసేపు టిక్కుమని, గ్యాసు చుట్టూ నిండాక భగ్గుమంటుంది. చింతపండు కలిపిన వేడి నీళ్లలో ఇత్తడి మూత అరగంట నానబెట్టి, పిన్నీసుతో ఒక్కో కన్నం తెరువు. పుల్ల వాడకు, కొస విరిగి లోపలే ఉండిపోతుంది. బోర్లించి తట్టి, ఎండలో పెట్టి, చుక్క నీరు లేకుండా ఆరాకే పెట్టు. పనిలో పనిగా మూత కింద గ్యాసు వచ్చే సన్నటి జెట్టులో సూది దూర్చాలనిపిస్తుంది. ఆ పని వద్దు. ఆ రంధ్రం వెంట్రుక వాసి పెరిగినా గ్యాసు ఎక్కువ వచ్చి, మంట పచ్చబడి, గిన్నెల అడుగులు మసిబారతాయి.

వెలిగి, నాబు వదలగానే ఆరిపోవడం వేరే జబ్బు. కొన్ని స్టవ్వుల్లో తెల్ల కడ్డీ పక్కన ఇంకో కడ్డీ ఉంటుంది, పింగాణీ లేకుండా ఒట్టి లోహంతో. అది మంట ఉందో లేదో కనిపెట్టి, లేకపోతే గ్యాసు ఆపేసే కాపలాదారు. అది వేడెక్కాలి గనక వెలిగాక నాబును ఐదు నుంచి పది సెకన్లు నొక్కి ఉంచాలి. దాన్ని కూడా తుడిచి శుభ్రంగా ఉంచు, ఎప్పుడూ తప్పించి కట్టించకు. నాబు కట్టేశాక కూడా ఆపకుండా టిక్కుమంటూనే ఉంటే నాబు కింద స్విచ్చులోకి నీరు దిగినట్టు. పలక తుడిచేటప్పుడు పనమ్మాయి నీళ్లు పోస్తోందేమో చూడు. సెల్లు తీసేసి ఒక రోజు ఆరనిస్తే చాలావరకు తగ్గుతుంది.

నీ చేత్తో చెయ్యదగ్గవి ఇంతవరకే. పెట్టె విప్పడం, నాబు కింద వాల్వు ముట్టుకోవడం, గ్యాసు గొట్టాల బిగింపులు వదులు చెయ్యడం నీ పని కాదు, మా అల్లుడిగారి పనీ కాదు. ఇల్లు అద్దెది గనక ఓనరుగారికి చెప్పి కంపెనీ మెకానిక్కునే పిలిపించు. అతను వచ్చీ రాగానే పెట్టె మార్చాలంటే, మూడో వైరును పెట్టె దగ్గర ఊడదీసి పక్క బర్నరు వైరుతో తారుమారు చేసి చూపించమను. జబ్బు పక్క బర్నరుకు మారితే పెట్టెది తప్పు. మూడో దాని దగ్గరే ఉంటే వైరుదో కడ్డీదో తప్పు. ఐదు నిమిషాల పని ఇది, చేసి చూపించే మనిషిని నమ్ము. మార్చిన పాత ముక్క అడిగి తీసుకో. వెళ్లే ముందు బిగింపుల మీద సబ్బు నురగ రాయించు. బుడగ లేస్తే కారుతున్నట్టు. అగ్గిపుల్లతో పరీక్ష చేస్తానంటే గడప దాటించెయ్.

ఎప్పుడైనా ఇల్లంతా వాసన నిండితే, లైటు వెయ్యకు, వెలుగుతున్న లైటు ఆర్పకు, ఎగ్జాస్టు ఫ్యాను స్విచ్చు ముట్టుకోకు. స్విచ్చులో పుట్టే రవ్వ కూడా రవ్వే. రెగ్యులేటరు కట్టు, తలుపులూ కిటికీలూ బార్లా తెరువు, బయటికి వచ్చి గ్యాసు హెల్ప్‌లైను 1906కు ఫోను చెయ్యి. పగలూ రాత్రీ పలుకుతారు. ఆ నంబరు వంటింటి తలుపు మీద పెద్ద అంకెలతో రాసి పెట్టు.

శనివారం సాయంత్రం ఇద్దరూ ఇంట్లో ఉంటారుగా. రెగ్యులేటరు కట్టి, దీపం ఆర్పి, రవ్వ ఎక్కడ దూకుతోందో చూసి నాకు ఫోను చెయ్యండి. చూసినది చూసినట్టు చెబితే చాలు, ఏం మార్చాలో ఇక్కడి నుంచే చెబుతాను. అప్పటిదాకా ఆ మూడో బర్నరు వెలిగించవద్దు, మిగిలిన మూడింటి మీదే వంట కానివ్వండి.

ఇట్లు,
మీ బాబాయి

తా.క.: సిలిండరు నుంచి స్టవ్వుకు వచ్చే నారింజ రంగు పైపు మీద సంవత్సరం అచ్చు వేసి ఉంటుంది. ఐదేళ్లు దాటి ఉంటే బర్నరు సంగతి తరవాత, ముందు పైపు మార్పించు.